నేల క్లాసు చదివేదాకా

పోయిన నెల మేనేజర్ కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్, మా నాయనకు ఎనభై ఏండ్లు నిండుతున్నయ్. ఫంక్షన్ మన పాత హాల్లోనే. స్క్రీన్ నువ్వే పెట్టాలె," అంది. ఇల్లందులో పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ పెద్ద స్క్రీన్లు కిరాయికి ఇచ్చేది నేనే. పాత హాలంటే వయసులో ఉన్నప్పుడు నేను ఆపరేటర్‌గా పనిచేసిన సినిమా హాలు. ఇప్పుడది ఫంక్షన్ హాలైంది. అప్పటి ఆ హాలు మేనేజర్ నిండు నూరేళ్లు బతకాలని భద్రాచలం రాముడికి నేను పెట్టుకున్నన్ని దండాలు ఆయన ఇల్లాలు కూడా పెట్టి ఉండదు. ప్రేమతో కాదు. నేను పగ తీర్చుకోకముందే ఆయన పోతే నా గతేం కావాలి?

బొగ్గు గనుల ఊళ్లో సినిమా గని సైరన్ చెప్పినట్టు నడిచేది. ఉదయం ఆటకు వచ్చేవాళ్లలో సగంమంది రెండో షిఫ్టుకు దిగాల్సినవాళ్లే. సైరన్ మోగే వేళయితే తెర మీద ఎవరి ప్రాణం పోతున్నా సరే, టిఫిన్ డబ్బా పట్టుకుని లేచిపోయేవారు. అందుకని సినిమా పొడుగైతే మేనేజరే నా ప్రొజెక్టర్ క్యాబిన్‌లోకి వచ్చి, రీల్లోంచి ఒక పాటను కత్తెరతో తీసేసేవాడు. మగ్గిన అరటిపండు వాసన వేసే జిగురుతో నేను అతికేవాణ్ణి. ఒకరోజు తొందరలో ఆయన పాట అనుకుని, తల్లి కొడుకును గుర్తుపట్టే ఘట్టం కోసి పారేశాడు. తెర మీద అప్పటిదాకా బేడీలతో ఉన్న కొడుకు, రెప్పపాటులో తల్లి పక్కన కూర్చుని పప్పన్నం తింటున్నాడు. జనం కుర్చీలు విరగ్గొట్టారు. మేనేజర్ తెర ముందుకొచ్చి క్యాబిన్ వైపు వేలు చూపించాడు. "మా ఆపరేటర్ ముక్క కోసి అమ్ముకున్నడు!" అన్నాడు.

అంతటితో ఆగినా ఊరుకునేవాణ్ణేమో. హాల్లో ప్రకటనలకు గాజు పలక మీద దీపం మసి పట్టించి, సూదితో గీకి రాసేవాళ్లం. దాని వెనక లైటు వేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వెలిగేవి. ఆ రాత నాదే. చేతిరాత బాగుంటుందని అందరూ మెచ్చుకునేవారు. మర్నాడు మేనేజర్ పలక నా చేతికిచ్చి, "రాస్తవా, పోలీస్ స్టేషన్‌కు పోతవా?" అన్నాడు. రీలు ముక్క దొంగిలించినందుకు ఆపరేటర్ ప్రేక్షకులను క్షమాపణ కోరుతున్నాడని నా ముత్యాల్లాంటి అక్షరాలతో నేనే రాశాను. నేల క్లాసులో కూడబలుక్కుని చదివేవాళ్లకు కూడా అందాలని ప్రకటనను కాసేపు కదపకుండా ఉంచడం మా ఆనవాయితీ. "ఉంచు, నేలోళ్లు ఇంకా చదువుతున్నరు," అని మేనేజర్ కింది నుంచి కేకేశాడు.

ఆడవాళ్ల వరసలో మా ఆవిడ ఉంది. మా పెళ్లి కొత్త. అక్షరాలు కూడబలుక్కుని చదివేది. క్యాబిన్ కంతలోంచి ఆమె పెదవులు కదలడం చూశాను. హాలంతా నవ్వడం అయిపోయాక గాని ఆమెకు చివరి మాట అందలేదు. అందాక కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. పంపు దగ్గర "దొంగ ఆపరేటర్ పెళ్లాం" అనే పేరు ఆమెకు ఎన్నేళ్లున్నదో నాకే తెలుసు. ఆ తర్వాత ఆమె ఏ హాలు గడపా తొక్కలేదు.

ఫంక్షన్ రోజున మా ఆవిడను బతిమాలి తీసుకెళ్లాను. ఒకప్పుడు ఆడవాళ్ల వరస ఉన్నచోటే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. వేదిక మీదున్న మేనేజర్ చేతిలో మసి పట్టిన గాజు పలకా, సూదీ పెట్టాను. పాత పద్ధతి భలే ఉందని కూతురు మురిసిపోయింది. ఆయన మాత్రం పలకనే చూస్తూ, "ఇంకా యాదుందారా?" అన్నాడు.

"అవ్ సారూ. అప్పుడు నేను రాసిన పలక గూడ దాచిన. ఇయ్యాల మీరు నిజం రాయాలె. లేకుంటే దాన్నే తెర మీద పెట్టి, కథంతా నేను మైకుల చెప్త," అని ఆయన చెవి దగ్గర అన్నాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని సూదితో గీకసాగాడు. నాకేమీ జాలి వేయలేదు, అబద్ధం ఎందుకు? పలక వెనక లైటు వేసి, స్క్రీన్‌కు కలిపిన కెమెరా ముందు పెట్టగానే స్క్రీన్ నిండా వంకర అక్షరాలు: "ఆ రోజు రీలు కోసింది నేను. ఆపరేటర్ దొంగ కాదు."

బిర్యానీ ప్లేట్లతో ఉన్నవాళ్లంతా తలలెత్తారు. కూతురు తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన తల దించుకుని, "చాలు, తీసెయ్ ఇగ," అన్నాడు.

"ఉండనియ్," అంది మా ఆవిడ, హాలంతా వినబడేలా. "నేనింకా చదువుతున్న."

ఆమె పెదవులు మెల్లగా కదులుతున్నాయి. అవి ఆగేదాకా నేను పలకను అంగుళం కూడా కదపలేదు.