పరిచయం చేసేవారి సంతకం

మొన్న మా మనవరాలు మంచం మీద కూర్చుని కాళ్లూపుతూ ఫోనులోనే బ్యాంకు ఖాతా తెరిచేసింది. నువ్వు తెలుసునని ఎవరు సంతకం పెట్టారే అంటే నవ్వింది. ఆ సంతకం ఖరీదు మన తరంవాళ్లకు తప్ప ఎవరికి అర్థమవుతుంది?

తొంభైల్లో నేను పాలకొల్లులో ఒక రైసుమిల్లులో కాటా దగ్గర ఉండేవాణ్ణి. బడి మొహం చూడనివాణ్ణి. పొట్లాల కాగితాల మీది అక్షరాలు కూడబలుక్కుని ముప్పయ్యేళ్లు దాటాక చదువుకున్నాను, ఆర్నెల్లు దిద్ది సంతకం నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనే మా పిన్ని కూతురు, మొగుడు కొట్టగా చెవి కింద కమిలిన మచ్చతో మా ఇంటికి వచ్చేసింది. అంతకుముందు ఒకసారి వస్తే సర్దుకోమని దిగబెట్టి వచ్చిన పెద్దమనిషిని నేనే. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

రొయ్యల షెడ్డులో తలలు తీసి ఆమె సంపాదించే కూలిని మేస్త్రీ ప్రతి శనివారం మొగుడి చేతిలోనే పోసేవాడు. ఆమె చేతికే ఇమ్మన్నా, వాడు గేటు దగ్గరే లాక్కుంటాడు. పాసుబుక్కు తెస్తే అందులో కట్టిస్తాను, లేదంటే ఎప్పటిలా ఆయనకే అన్నాడు మేస్త్రీ. ఖాతా తెరవాలంటే ఆ బ్యాంకులో ఖాతా ఉన్నవాళ్లొకరు ఈమె నాకు తెలుసునని ఫారం మీద సంతకం చేయాలి. పరపతి ఉన్నవాళ్లదైతే బాగుంటుందని వీధిలో అయిదిళ్లు తిరిగాం. రోజూ ఆమెను పలకరించేవాళ్లే, “రేపు వాళ్లిద్దరూ ఒకటవుతారు, మధ్యలో మేమెందుకండి” అన్నారు.

నాకూ అందులో ఖాతా ఉంది గనక, శుక్రవారం ఆమెను తీసుకుని నేనే వెళ్లి, ఫారం మీద చివరి గీతతో సహా సంతకం పెట్టాను.

“ఏవండీ, మీ ఖాతా కార్డులో వేలిముద్ర ఉంది. ఈ సంతకం ఎవరిదండి?” అన్నాడు గుమాస్తా.

మిల్లు యజమాని మా అందరికీ ఖాతాలు తెరిపించేనాటికి నాకు అక్షరం రాదు. “నాదేనండి, తరవాత నేర్చుకున్నాను” అన్నాను. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

“మార్చాలంటే వారం పడుతుందండి. ఇవాళే కావాలంటే వేలు వెయ్యాలి మరి.”

ఆమె నా చొక్కా పట్టుకు లాగింది. “పోన్లే అన్నయ్యా, వచ్చేవారం వద్దాం. నువ్వు వేలు వెయ్యకు.” వారమంటే ఇంకో వారం కష్టం వాడి చేతికి పోవడమే. సంతకం కొట్టేసి, పక్కనే బొటనవేలు గట్టిగా నొక్కాను.

మర్నాడు మొగుడు షెడ్డుకు వచ్చి “ఏంటి మేస్త్రీగారూ, నా డబ్బులు?” అన్నాడు. “నీవి కావయ్యా, ఆవిడవి. బ్యాంకులో కట్టించేశాను.” గేటు దగ్గర నేనూ, మా మిల్లు హమాలీలిద్దరూ నిలబడి ఉన్నాం కాబట్టి గొణుక్కుంటూ పోయాడు. మూడో నెలలో ఆమె ఒక గది అద్దెకు తీసుకుంది. దాని తాళంకప్ప తనే బేరమాడి కొనుక్కుంది.

ఇప్పుడు ఆడపిల్ల ఖాతాకు ఎవరి పూచీ అక్కర్లేదు. మంచిదే, ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. కానీ అడిగేవాళ్లే లేరు గనక ఆ వీధి వీధంతా ఈరోజు మంచివాళ్లలాగే కనిపిస్తుంది. మళ్లీ ఆ అయిదిళ్లకూ వెళ్లి అడిగితే ఒక్క తలుపైనా తెరుచుకుంటుందా? నాకైతే నమ్మకం లేదు.