అమ్మ పుట్టిన ఊరు

నాన్న సింగపూరులో ఓ నౌకాదళ యార్డులో వెల్డరు. అరవైల చివర్లో అక్కడి ఉద్యోగాలు ఇక స్థానికులకే అన్నారు. పౌరసత్వం తీసుకుంటే నాన్న ఉండిపోవచ్చు.

"తీసుకుంటే పోయీదేటుంది? నాను పుట్టింది ఇక్కడే కదా," అంది అమ్మ.

"మాయమ్మా, తమ్ముళ్ళూ రాజాంలో ఉన్నారు. నాను ఈ దేశపోడినని ఎలాగ సెప్తాను?" అన్నాడు నాన్న.

ఆ ఏడే రాజాం వచ్చేశాం. నాన్న రైసుమిల్లులో పనికి కుదిరి, తమ్ముళ్ళ మధ్య తేలికపడ్డాడు. అమ్మను మాత్రం వీధిలో అందరూ సింగపూరామె అనేవారు. ఆమె గుమ్మం దాటడం మానేసింది.

ఓ మధ్యాహ్నం నా జడ అల్లుతూ, "మీ నాన్న తన ఊరొచ్చీసాడు. నా ఊరు అక్కడే ఉండిపోనాది," అంది. ఆ మాట నాన్నకు చెప్పొద్దంది. నేను చెప్పలేదు.