మలుపుకు ముందే మామయ్యగారు

మామయ్యగారు ఏ మలుపైనా అది రాకముందే తిరగడం మొదలుపెడతారు. బ్యాంకు దగ్గర కుడివైపు వెళ్ళాలంటే మందుల షాపు దగ్గరే స్టీరింగు తిప్పుతారు. ఆ కబురు చక్రాలకు అందేసరికి బ్యాంకు వస్తుంది. కారు ఆయన పెళ్ళినాటిది. దాని స్టీరింగుకూ చక్రాలకూ ఇంకా మాటలున్నాయి గానీ, పాత చనువు లేదు.

తిప్పి ఊరుకుంటారా? ప్రకటిస్తారు కూడా. "మందుల షాపొచ్చింది, తిప్పుతున్నా. పచ్చగేటు దాటుతున్నాం, ఇంకా తిరగలేదు. స్కూలు పిల్లలు అడ్డొచ్చారు, ఆగాను. ఆఁ, ఇప్పుడు తిరిగింది!" పక్కసీట్లో అత్తయ్యగారు మహారాణిలా నిటారుగా కూర్చుని ముందుకే చూస్తుంటారు. ఆవిడ శిష్యురాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పాట నేర్పుతారు. వెళ్ళేది ఈ కారులోనే. ఇంకెవరు బండి పంపినా ఎక్కరు.

ఈ తొందర కారుతో ఆగలేదు. బార్బరు కత్తెర తీయకముందే మామయ్యగారు "ఇక చాలు" అంటారు. ఎవరింటికెళ్ళినా కుర్చీలో కూర్చుంటూనే "మరి మేం వస్తాం" అంటారు. "అప్పుడేనా?" అని గదిలో ఉన్నవాళ్ళంతా తలో మూల నుంచీ గోలచేస్తారు. అప్పుడు తృప్తిగా వెనక్కి వాలి గంటసేపు కూర్చుంటారు. వీధివాళ్ళు ఆయనకు 'ముందస్తు' అని పేరు పెట్టారు.

ఒకరోజు ఆ కారు కోడలు నడిపింది. తిప్పాల్సిన చోటే తిప్పింది. కారు మాత్రం తిన్నగా వెళ్ళి రొట్టెల షాపు బల్లను పలకరించింది. కోడలు ఇంటికొచ్చి తాళాలు ఠపీమని బల్లమీద పెట్టింది.

"మామయ్యా, స్టీరింగైనా బాగుచేయించండి, కారైనా అమ్మేయండి. అత్తయ్యకేమన్నా అయితే?"

"నాకేమవుతుందే? ఆయన చెబుతూనే ఉంటారుగా," అన్నారు అత్తయ్యగారు.

"చెబితే వింటుందా అత్తయ్యా, కారు?"

"కారు వినదులేమ్మా," అని ఒప్పుకున్నారు మామయ్యగారు. ఆ తర్వాత మెకానిక్కుకు జ్వరమన్నారు, మెకానిక్కు కోలుకున్నాక తనకు జ్వరమన్నారు. చివరికి కోడలే కారు తీసుకుని, పచారీ బండికన్నా నెమ్మదిగా షెడ్డుకు చేరింది.

మెకానిక్కు ఒక్క వేలితో స్టీరింగును పావుచుట్టు తిప్పాడు. చక్రం ఉలకలేదు, పలకలేదు. "అమ్మా, ఇది స్టీరింగు కాదు, విన్నపం," అన్నాడు. కారు కిందకు దూరి అక్కణ్ణించే తీర్పు చెప్పాడు: "రాడ్ల చివర జాయింట్లు అరిగిపోయాయి. స్టీరింగు బాక్సులో స్క్రూ సడలింది. అయినా కొత్త జాయింట్లు పెద్దాయన ఎప్పుడో కొనుక్కెళ్ళారే! బిగించుకోలేదా?"

నిజమే. డిక్కీలో, గుడ్డలో చుట్టి, కొన్నవి కొన్నట్టే ఉన్నాయి. పిసినారితనమైతే కొనేవారే కాదు. కోడలికి అంతుపట్టలేదు. అవే బిగించాడు మెకానిక్కు.

మర్నాడు పాటల క్లాసుకు బయల్దేరారు. కోడలు వెనకసీట్లో విజయగర్వంతో కూర్చుంది. మందుల షాపు రాగానే మామయ్యగారు అలవాటు ప్రకారం తిప్పారు. జీవితంలో మొదటిసారి కారు మాట విన్నది. విని, ఫుట్‌పాత్ ఎక్కి, షాపు మెట్ల ముందు ఆగింది.

"ఏం కావాలండీ?" అన్నాడు షాపతను.

"తలనొప్పి మాత్రలు," అన్నారు మామయ్యగారు, గాంభీర్యం చెడకుండా.

మళ్ళీ రోడ్డెక్కాక ఆయన నోరు మూతపడింది. స్టీరింగు సరిగ్గా ఉన్న మనిషి దేని గురించి ప్రకటిస్తాడు? కోడలు ఆ నిశ్శబ్దాన్ని హాయిగా అనుభవిస్తుండగా అత్తయ్యగారి చెయ్యి తలుపు పిడి కోసం తడుముకుంది.

"ఏమండీ," అన్నారావిడ మెల్లగా, "పచ్చగేటు దాటామా?"

పచ్చగేటు ఆవిడ కిటికీ పక్కనే ఉంది, ఏనుగంత. కోడలు నోరు తెరిచింది. అద్దంలో మామయ్యగారు వద్దన్నట్టు తలాడించారు. తెరిచిన నోరు మూసుకుంది.

అత్తయ్యగారిని శిష్యురాలింటి లోపల కూర్చోబెట్టి, ఆయన బయటికొచ్చారు. "చూపు తగ్గుతోందని నాకొక్కడికే చెప్పిందమ్మా. ఎవరైనా జాలిపడితే ఆ రోజే పాట మానేస్తానంది. దారి చెబుతానంటే నామీదే కస్సుమంది. స్టీరింగు లూజు కాబట్టి నా తిప్పలేవో నేను పడుతున్నానంటే, పోనీలే పాపం అని విన్నది."

"మరి ఎవరింటికెళ్ళినా 'మేం వస్తాం' అనడం?"

"ఎవరెక్కడ కూర్చున్నారో తెలియొద్దూ ఆవిడకి?"

కోడలు కాసేపు కారు చుట్టూ తిరిగింది. ఒక చక్రాన్ని కాలితో తన్ని చూసింది. తిరుగు ప్రయాణంలో ముందుకు వంగి, అందరికీ వినపడేలా అంది: "మామయ్యా, స్టీరింగు బాగుపడింది గానీ ఈ బ్రేకులు నాకు అనుమానంగా ఉన్నాయి. ముందునుంచీ చెప్పుకుంటూ ఆగండి."

బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి.

"అస్సలు నమ్మడానికి లేదమ్మా!" అన్నారు మామయ్యగారు, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు. "స్కూలొస్తోంది, బ్రేకు మీద కాలు పెట్టాను. రోడ్డు ఖాళీ, పోతున్నా. అదుగో, పచ్చగేటు!"

"ఈ కారులో ఒక్కటీ సరిగ్గా ఏడవదు," అని విసుక్కున్నారు అత్తయ్యగారు. అని, పచ్చగేటు వైపు తిరిగి, మహారాణిలా తల పంకించారు.