మగ మొక్కల మడి

హోసూరు పక్కకు హైబ్రిడ్ టమాటా తెచ్చింది నేనేనని ఎన్నో పెళ్ళి బంతుల్లో చెప్పాను. వినేవాళ్ళు మర్యాదస్థులు, కాదనలేదు. అసలు సంగతేమిటంటే నేనిచ్చింది పువ్వులు మాత్రమే.

ఎనభైలలో ఒక విత్తనాల కంపెనీ కెలవరపల్లి వైపు వచ్చింది. పరదేశపు కంపెనీతో పొత్తు పెట్టుకుని ఒక తల్లి రకం, ఒక తండ్రి రకం తెచ్చింది. ఆ రెండూ కలిస్తే పుట్టే విత్తనమే వాళ్ళ సరుకు. తల్లి మొక్కలు మా పెదనాన్న కొడుకుకిచ్చారు, తండ్రి మొక్కలు నాకు. ఇద్దరి చేలకూ మధ్య ఒక్క గట్టే. బావి పంపకాలప్పటి నుంచి మాకు మాటల్లేవు. పైకి అన్న, మనసులో వాడు.

కూలికి వచ్చిన ఆడవాళ్ళు సాయంత్రం వాడి మొగ్గల్లో కేసరాలు గిల్లేసి, మర్నాడు నా పువ్వుల పుప్పొడి అద్దేవాళ్ళు. వాడి చేలో కాయలు ఎర్రబడేవి. ఆఫీసరు ఫొటో తీసుకున్నదీ వాడి పక్కనే. నా మొక్కలు పూత అయిపోగానే పీకి కాల్చాలని షరతు.

"ఏమప్పా, నీకు పూలే గానీ పంట లేదా?" అని ఒకామె నవ్వింది.

మర్నాడు గట్టు సందులో కంప అడ్డం వేశాను. ఆడవాళ్ళు ఆగిపోయారు. చివరికి వాడే వచ్చాడు.

"కంప తియ్యప్పా. మొగ్గలు వాడిపోతాయి."

"నా పూలు లేకుంటే నీకు కాయ లేదని ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసే వచ్చినాను. ఇను. తల్లి నాకాడుండాది, తండ్రి నీకాడుండాది. గిల్లని మొగ్గల కాయలు నేను నాలుగు దాస్తాను, కోయని పూల కాయలు నువ్వు నాలుగు దాయి. వచ్చే ఏడు మన విత్తనం మనమే చేస్తాము. కంపెనీ ఏంటికి?"

నోరూరింది. కానీ అడిగాను: "సంచి మీద ఎవురి పేరు?"

"పెద్దోణ్ణి నేను కదా. నాది ముందు, నీది వెనకాల."

ఇంకో కంప తెచ్చి వేశాను.

మధ్యాహ్నం ఆఫీసరు మోటారు సైకిలు మీద వచ్చాడు. గుంటూరు మనిషి. కంప తనే లాగేసి నవ్వాడు.

"నాకేంటికి సామీ మగ మొక్కలు ఇచ్చినారు?" అన్నాను.

"మీ రెండిళ్ళకీ మాటల్లేవని టీ కొట్లో కనుక్కున్నాకే ఇచ్చామండీ. కలిసి ఉండేవాళ్ళ పక్కపక్క చేలకి తల్లినీ తండ్రినీ ఇవ్వడం మా పద్ధతి కాదు."

ఆ మాటతో కళ్ళు తెరుచుకుని అన్నను కౌగిలించుకున్నానని పెళ్ళిళ్ళలో చెబుతుంటాను. అదీ అబద్ధమే. నేనడిగింది వేరు. "వచ్చే ఏడు తల్లి నాకిస్తారా?"

ఇచ్చాడు. పుప్పొడి ఎవరి చేను నుంచో డబ్బాలో తెచ్చేవాడు, ఎవరిదో చెప్పేవాడు కాదు. నా కాయలు ఎర్రబడ్డాయి. మా అన్నకు ఏమీ దక్కలేదు, చామంతి వేసుకున్నాడు. వాడి ముఖం ఎట్లా మాడుతుందో చూద్దామని గట్టెక్కి నిలబడ్డాను.

వాడు నా మడి అంతా ఒకసారి చూశాడు. "బాగా కాసినాయప్పా," అని చెప్పి, మళ్ళీ కలుపు తీసుకుంటూ వెళ్ళిపోయాడు.

అంత సులువుగా అనేశాడు. తల్లి మొక్కలనైతే అడిగి తెచ్చుకున్నాను గానీ, ఆ గుణం ఏ కంపెనీ ఆఫీసరును అడగాలి?