వెనక్కి తిప్పిన నట్టు

నా చిన్నప్పుడు దివిసీమలో మా ఊరికంతటికీ ఉన్న ట్రాక్టరు ఒక్కటే, అది మాది. అలాగని పెద్ద కామందులం అనుకునేరు! ఎవరో వాడి వదిలేసిన చిన్న ముసలి బండి అది. మా నాన్న దాన్ని గుడివాడలో కొన్నాడు. దున్నడానికంటే పంపు తిప్పడానికే ఎక్కువ వాడేవాడు. బండి పక్కనున్న ఇనుప చక్రానికి బెల్టు తగిలిస్తే పంపు తిరిగేది, చేలో నీళ్లు గట్టు దాటి మురుగు కాలువలో పడేవి.

ఆ యేడు నారు మొలకెత్తీ ఎత్తకముందే వాన పట్టుకుంది. నారుమళ్లన్నీ మునిగాయి. సముద్రం పోటు మీదుండటంతో మురుగు దిగలేదు. సాయంత్రానికి మొలక కొసలు బయటపడకపోతే కుళ్లిపోతుంది. మళ్లీ చల్లడానికి విత్తనం లేదు, అడిగి తెచ్చుకుందామంటే చుట్టుపక్కల ఎవరి నారూ మిగల్లేదు. నారు పోతే ఊడ్పుల్లేవు, ఊడ్పుల్లేకపోతే ఇంట్లో గింజ లేదు. ఎనిమిదేళ్ల ఆడపిల్లని, నాకే ఆ సంగతి తెలుసంటే ఇంట్లో ఎంత కంగారుగా ఉందో చూసుకోండి.

సరిగ్గా అప్పుడే, పంపు తిరుగుతుండగా, చక్రం గడగడా ఊగి బెల్టు ఊడిపోయింది. చక్రాన్ని పట్టి ఉంచే బోల్టుకి మరచుట్లు అరిగిపోయి నట్టు వదులైపోయింది. మా నాన్నకి కోపం ముక్కు మీదే ఉండేది. బోల్టు బయటికి రావడం లేదని సుత్తి పుచ్చుకుని దాని కొస మీద దబదబా బాదాడు. బోల్టయితే వచ్చింది గానీ, బాగున్న కొస చుట్లు కూడా నలిగి మూసుకుపోయాయి. ఇక నట్టు ఎక్కితే ఒట్టు! అది విదేశం నుంచి వచ్చిన బండి, బజారు బోల్టు దానికి సరిపడదు. పోనీ ఎక్కడైనా వెతుకుదామంటే రోడ్డు నీళ్లలో ఉంది. నాన్న తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదలు. ఏడుపు తన్నుకొచ్చింది.

పక్కింటి మావయ్య కాలువలో లాంచీ నడిపేవాడు. మాకు చుట్టం కాదు, వరస పిలుపే. వానలకి లాంచీలు ఆగిపోయి ఇంట్లోనే ఉన్నాడు. కబురందగానే వచ్చి, ముక్కోణపు ఆకురాయితో నలిగిన చుట్లను ఒక్కొక్కటే తెరిచాడు. తరవాత బండి మడ్‌గార్డుకున్న అదే సైజు మంచి నట్టు విప్పి, రంపంతో దానికి నిలువునా గాడి కోశాడు. నాన్న లబోదిబోమన్నాడు. "ఉన్న మంచిదాన్ని కూడా తగలేశావా బావా!"

మావయ్య లెక్క వేరు. కోసిన నట్టు అంచు కత్తిలా చుట్లలోకి దిగి శుభ్రం చేస్తుందట. బోల్టుకి ఆముదం పూసి, ఆ నట్టును కాస్త ముందుకి, మళ్లీ కాస్త వెనక్కి తిప్పుతూ కూర్చున్నాడు. నాన్న కాలుగాలిన పిల్లిలా గట్టు మీద తిరుగుతున్నాడు. మబ్బు చూస్తే మళ్లీ కమ్ముకొస్తోంది.

ఎట్టకేలకు బోల్టు బాగుపడింది. అసలు నట్టు అరిగిన చోటు దాటి కూర్చునేలా కింద అదనంగా వాషర్లు కూడా వేశాడు. అక్కడొచ్చింది చిక్కు. చక్రం వెనక సందులో పెద్దవాళ్ల చెయ్యి పట్టదు. ఇదివరకు పట్టుకారుతో బలవంతాన ఎక్కించేవారు, అలా చేస్తే ఇప్పుడు తెరిచిన చుట్లు మళ్లీ చెడిపోతాయి. మావయ్య నా వేళ్ల వైపు చూశాడు.

నట్టు నా చేతిలో పెట్టారు. కింద బురద నీళ్లు. జారిందా, అంతే సంగతులు! బలమంతా పెట్టి ముందుకి తిప్పాను. వంకరగా పట్టేసింది.

"మొదట వెనక్కి తిప్పమ్మా. టిక్కున దిగినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు ముందుకి తిప్పు," అన్నాడు మావయ్య.

"పొద్దు పోతుంటే వెనక్కేంటి బావా! ముందుకి తిప్పవే!" అని నాన్న అరిచాడు.

"నువ్వు కాసేపు నోరు మూసుకో బావా. నీ అరుపులకి పిల్ల కంగారుపడుతోంది."

ఒకరు ముందుకంటారు, ఒకరు వెనక్కంటారు. కళ్లు మూసుకుని వెనక్కే తిప్పాను. ఏమీ తెలియలేదు. ఇంకాస్త తిప్పాను. వేలికింద నట్టు టిక్కున దిగింది. అప్పుడు ముందుకి తిప్పితే, అబ్బ, వెన్నలో వేలు పెట్టినట్టు ఎక్కిపోయింది!

మళ్లీ బెల్టు తగిలించి పంపు తిప్పారు, దీపాలవేళకి నీళ్ల మీద నారు కొసలు పచ్చగా కనబడ్డాయి. నాన్న వాటినే చూస్తూ నిలబడ్డాడు. నన్ను మెచ్చుకోలేదు, అరిచినందుకు నొచ్చుకున్నట్టూ చెప్పలేదు. ఆయనకలాంటివి చేతకావు.

కానీ ఆ బండి మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ బోల్టు జోలికి వెళ్లాలంటే "అమ్మాయిని రమ్మనండి" అనేవాడు. నా వేళ్లు ఎదిగి ఆ సందులో పట్టకుండా పోయాక కూడా పిలిచేవాడు. నేనొచ్చి పక్కన నిలబడ్డాక, పట్టుకారు కొసతో నట్టును తనే మెల్లగా వెనక్కి తిప్పేవాడు. అంత కోపిష్టి మనిషీ ఊపిరి బిగబట్టి, ఆ టిక్కు వినిపించేదాకా ఆగేవాడు. ఇప్పటికీ నాకేదైనా కంగారు పుడితే మావయ్య చెప్పిన మాటకన్నా ముందు, నాన్న అలా ఆగిన మొహమే కళ్లముందుకొస్తుంది. నేనూ ఆగుతాను.