వెర్మాంటా, ఆడిరాండాక్సా?

మంచు మీద పరిగెత్తే స్నోమొబైల్ బండి నడపడానికి ఏ కొండలకు వెళ్లాలన్న దాని మీద మేముండే పార్సిప్పనీ ఊళ్లో మా స్నేహితుల మధ్య నెల రోజులు చర్చ నడిచింది. వెర్మాంట్ అని నేను, ఆడిరాండాక్స్ అని శ్రీనివాస్. హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టుకోనిస్తారా, దగ్గర్లో దోసె దొరుకుతుందా అని వాట్సాప్ గ్రూపులో అందరూ అడిగారు. మంచు ఎలా ఉంటుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. చివరికి కుక్కర్ పుణ్యమా అని వెర్మాంట్ గెలిచింది.

అక్కడ బళ్లు అద్దెకిచ్చే చోట, మాకు దారి చూపించడానికి ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడ హెల్మెట్ పట్టీ బిగిస్తుంటే శ్రీనివాస్ ఉండబట్టలేక అడిగేశాడు, ఇక్కడ బాగుంటుందా, ఆడిరాండాక్స్ బాగుంటుందా అని.

"ఏమో, నేనెప్పుడూ అటు వెళ్లలేదు. మా ఇంటి వెనకాలే మంచు పడుతుంది కదా," అందావిడ.

మేం టూత్‌పేస్ట్ కొనాలన్నా నలుగురి రివ్యూలు చదువుతాం. దేనితోనూ పోల్చి చూసుకోకుండా ఒక మనిషి ఇంత హాయిగా బతకడం మేమెక్కడా చూడలేదు.

శ్రీనివాస్ నా వైపు తిరిగి తెలుగులో, "పాపం, ఎక్స్‌పోజర్ లేదురా," అన్నాడు.

ఆవిడ బండి స్టార్ట్ చేసి, వెంట రమ్మని చెయ్యూపి, చెట్ల మధ్యకు దూసుకుపోయింది. మేం కదల్లేదు. శ్రీనివాస్ అప్పటికే గ్లోవ్స్ తీసి ఫోన్ చూస్తున్నాడు.

"చెప్తే విన్నావా? ఆడిరాండాక్స్‌లో మంచు ఇంకా బాగా పడుతోందట!"

ఎంత పడుతోందో చూద్దామని నేనూ గ్లోవ్స్ తీశాను.