చొక్కా తొడిగిన ఇసుక సంచి

మా తాళ్ల మేస్త్రి పోయారు. మంగళవారం పొద్దున మా అబ్బాయి ఫోన్లో చెప్పాడు. ముందురోజు సాయంత్రం ఆయాసం వస్తే చందానగర్ దవాఖానలో చేర్చారు. తెల్లారేసరికి లేరు. ఫోన్ వచ్చినప్పుడు నేను సెల్లార్‌లో, సోమవారం ఆయనే వేలాడదీసిన ఇసుక సంచి ముందు నిలబడి ఉన్నాను. సంచికి మా అబ్బాయి పాత చొక్కా తొడిగి ఉంది. అది మెల్లగా తిరుగుతున్నది.

నాకు రాయడం పెద్దగా రాదు. ఊరి బడిలో నేర్చుకున్నదే. ఆయన గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదా అని రాస్తున్నాను.

హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులు మీరు చూసే ఉంటారు. వాటిని తుడిచేవాళ్లు మేస్త్రి సరే అన్న తాడు మీదనే దిగేవారు. మూడు పేటలు మెలితిప్పిన నైలాన్ తాడు. మా అబ్బాయి దిగుతాడు, నేను పైన ముడి దగ్గర కూర్చుంటాను.

ఆయన తాడును బొటనవేలితో చూసేవారు. పేటలు విడదీసి లోపలి తెలుపు చూసేవారు. ఎండకు పెళుసెక్కినది కనిపిస్తే అక్కడికక్కడే ముక్కలు కోసేవారు. తడిస్తే బలం తగ్గుతుందని వానలో ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. కొసలు విడిపోకుండా కొవ్వొత్తి మీద కరిగించేవారు. ఇప్పటికీ ఆ కాలిన వాసన వస్తే వెనక్కి తిరిగి చూస్తాను.

"గింత సాగుతుంది, రబ్బరా ఏంది కాకా?" అన్నాడు ఒకసారి మా అబ్బాయి.

"సాగుతది కాబట్టే నువ్వు జారినా నడుము మిగులుతది. లేకుంటే నడుమొక దిక్కు, నువ్వొక దిక్కు."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

కొత్త తాడు మెలి మీద ఉంటుంది. మనిషి వేలాడితే గిరగిరా తిప్పుతుంది. అందుకని లిఫ్టు ఇంకా బిగించని గుంతలోకి పైనుంచి సెల్లార్ దాకా తాడు వదిలి, కింద ఇసుక సంచి కట్టేవారు. దిగేవాడి బరువెంతో ఇసుక అంత. సంచి అటు తిరిగి, ఇటు తిరిగి, మూడు నాలుగు రోజులకు ఆగుతుంది. ఆగేదాకా మనిషి దిగకూడదు.

చొక్కా ఎందుకని అడిగాను.

"సంచైతే తీసి పక్కకు పడేస్తరు. చొక్కా ఉంటే చెయ్యి ఆగుతది."

సంచి ఆగాక చొక్కా భుజం మీద చెయ్యి వేసి, "ఇగ దిగు బిడ్డా" అనేవారు. దిగే మనిషి పక్కనే ఉన్నా సంచితోనే అనేవారు.

ఆ మంగళవారమే సూపర్‌వైజర్ వచ్చారు.

"పెద్దాయనా, ఇంకా ఇక్కడేనా? రేపు పెద్దసార్లు వస్తున్నారండీ, ఇవాళే అద్దాలు తుడవాలి. విప్పి పైన కట్టేయండి."

"ఇంకా తిరుగుతున్నది సార్."

"గాలికి తిరుగుతుందండీ. మేస్త్రే లేడు, ఇంకా ఈ చాదస్తం ఎవరికోసం?"

అక్కడ గాలి లేదు. నేనేమో ఎవరికీ ఎదురు చెప్పి ఎరుగను. సూపర్‌వైజరే ముడి విప్పబోయారు. సంచి మెల్లగా తిరిగి, గుండీలతో ఆయనకు ఎదురుగా వచ్చింది. ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది.

"వద్దు సార్," అన్నాను. "ఆగినంకనే మావోడు దిగుతడు."

ఆయన చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోయారు.

గురువారం పొద్దున నేనూ మా అబ్బాయీ సెల్లార్ తాళం తీశాం. సంచి ఆగి ఉంది. గుండీలు తలుపు వైపు, మేస్త్రి వచ్చే వైపు ఉన్నాయి. పేటలు విడదీసి చూశాను. లోపల తెల్లగా ఉంది.

"జల్దీ అను నాయినా," అన్నాడు మా అబ్బాయి, బెల్టు బిగించుకుంటూ. "నువ్వు అనకుంటే నాకు పరేషాన్ అయితుంది."

చొక్కా భుజం మీద చెయ్యి వేసి ఆ మాట అన్నాను. వాడు ఆ తాడు మీద దిగాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తిన్నాడు.

ఆ గుంతలో ఎండ ఏనాడూ పడదు. రెండు రాత్రులు తాళం వేసి ఉంది. అయినా నేను చెయ్యి వేసినప్పుడు ఆ చొక్కా భుజం వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు.